మొక్కు తీరినాక గోలి

సిరిసిల్ల,
11 ఫిబ్రవరి 2024

అక్కా,

మొన్న నేను ఫోన్ చేస్తే "ఎవరు, ఎవరు" అని అడిగి పెట్టేశావు. ఎవరో మగమనిషి అనుకున్నావని బావ చెప్పాడు. అది నేనే. గొంతు అట్లా బొంగురుపోయింది. దానికితోడు ముందు గదిలో నాలుగు సాంచాలు ఆడుతుంటాయి. ఆ మరమగ్గాల చప్పుడులో మంచి గొంతున్నవాళ్ల మాటే వినపడదు, నాదేం వినపడుతుంది. అందుకే కాగితం పట్టాను.

నాకు రోగం ఉంది అక్కా. సంతోషంగా రాస్తున్నానని తిట్టకు. దానికి ఒక పేరుంది, దానికి గోలి ఉంది. రెండేళ్ల నుంచి నన్ను పట్టుకున్నది బద్ధకం కాదు.

మా అత్త దేవమ్మకు బీపీ చూపించడానికి కొత్త బస్టాండు దగ్గర దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చీటీ నాకిస్తూ నా వేళ్లు తగిలి ఆగిపోయింది. "ఏందమ్మా, నీ చెయ్యి ఇంత సల్లగున్నది" అంది. అత్త ఊరుకుంటుందా. "అది గంతే మేడం. కూసుంటే లేవది, లేస్తే నడవది. నూలు కండెలు చుట్టుమంటే రాట్నం మీదనే నిద్రపోతది" అంది. డాక్టరమ్మ అత్తను పక్కన కూర్చోబెట్టి నన్ను అడగడం మొదలుపెట్టింది. జుట్టు రాలుతోందా. మడమలు పగులుతున్నాయా. మలబద్ధకం ఉందా. తినకపోయినా ఒళ్లు వస్తోందా. నెల సరిగ్గా రావడం లేదా. అన్నిటికీ అవును, అవును అంటున్నాను. మా ఇంట్లో ఉండి చూసినట్టే అడిగింది. మా వాడకట్టు ఆరెంపీ సాయినాథ్ ఇన్నాళ్లూ బలం సూదులు వేశాడే కానీ ఒక్కటీ అడగలేదు.

రక్తం ఇచ్చాను. థైరాయిడ్ మందగించిందట. మెడలో ఉంటుందట ఆ గ్రంథి. టీఎస్‌హెచ్ అనే లెక్క నాలుగు దాకా ఉండొచ్చట, నాది అరవై దాటింది. రోజూ పరగడుపున ఒక చిన్న గోలి, నీళ్లతో. తర్వాత గంట దాకా చాయ్ కూడా తాగొద్దు. ఆరేడు వారాలకు మళ్లీ రక్తం చూసి గోలి పెంచాలో ఉంచాలో చెబుతారట.

వచ్చేటప్పుడు ఆటోలో అత్త బయటికే చూస్తూ కూర్చుంది. పక్కనుంచి వేములవాడ బస్సు పోతుంటే దానికే రెండు చేతులు ఎత్తింది. "రాజన్నా, దీని రోగం పోతే నీ గుడిల కోడెను కట్టిస్త" అంది. బస్సులో ఎవరో తమకే అనుకొని తిరిగి దండం పెట్టారు.

అందరికీ చెప్పు. ముఖ్యంగా నన్ను నిద్రమొహం అన్నవాళ్లకు.

నీ చెల్లెలు,
రచన


కోరుట్ల,
26 ఫిబ్రవరి

రచనా,

నీ ఉత్తరం బీడీల చాటలో పెట్టుకొని ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించాను. నా చెల్లెలిది బద్ధకం కాదు, అరవై దాటింది అని చెప్పాను. దేంట్లో అరవై అని ఎవరూ అడగలేదు, పరీక్షలో మార్కులు అనుకున్నట్టున్నారు.

పక్కింటి మల్లవ్వకు కూడా అదేనట. ఆరేళ్ల నుంచి మింగుతోందట. "చెప్పకపోతివి" అంటే "గోలి మింగుడు గూడ దండోరా వేస్తరా" అంది. ఆమెది పాత రోగం. నీది లేత వయసు, తొందరగా పోతుంది. క్యాబేజీ తక్కువ తినాలని ఎవరో అన్నారట, డాక్టర్‌ని అడిగితే వండుకొని తింటే ఏమీ కాదన్నదట. "అనవసరంగ అడిగిన, ఇంట్ల వండకుంట ఉందుము" అని బాధపడుతోంది.

దేవమ్మ అత్త మొక్కింది అంటే మాత్రం నేను నమ్మలేదు. కోడలి కోసం కోడె. ఆమె నోరు చేదు కానీ మనిషి కాదని నేను నీ పెళ్లప్పుడే అన్నాను.

ఎక్కువ రాయలేను. పొద్దంతా ఆకు చుట్టి చుట్టి చీకటి పడేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బావ దుకాణంలో పెళ్లిళ్ల కుట్టు బాగానే ఉంది.

గోలి మరిచిపోకు.

అక్క,
గంగామణి


సిరిసిల్ల,
18 జూన్

అక్కా అక్కా,

నార్మల్. రిపోర్టు మీద ఆ మాటే ఉంది. ఏప్రిల్‌లో గోలి కొంచెం పెంచారు, ఇప్పుడు మూడు చిల్లర వచ్చింది. డాక్టరమ్మ చూసి "నార్మల్ వచ్చింది, మంచిది" అని వెనకాల మనిషిని పిలిచింది. నా వెనక బారు తలుపు దాటి ఉంది. నేను ఆ మంచిది అనే మాట పట్టుకొని బయటికి ఉరికాను.

నువ్వు నన్ను చూస్తే గుర్తుపట్టవు. అయిదింటికి లేస్తున్నాను. ముఖం వాపు పోయింది, ఉంగరం మళ్లీ వేలికి పడుతోంది. నిన్న మీ మరిది వేణు సాంచె ఆపకుండానే నన్ను పిలిచాడు, నేను ఆ చప్పుడులోనే "వస్తున్న" అన్నాను, వినపడింది. ఆయన పోగు తెంపుకున్నాడు. బిడ్డ సౌమ్య "అమ్మ గట్టిగ ఒర్రుతున్నది" అని వాడకట్టంతా చెప్పి వచ్చింది.

పోయిన సోమవారం వేములవాడ పోయాం. అత్త టికెట్టు తీసుకొని కోడె పగ్గం నా చేతికే ఇచ్చింది. గుడి చుట్టూ తిప్పాలి కదా. అది ముందు నడవలేదు, తర్వాత ఆగలేదు. నన్నే లాక్కొని పోయింది. అత్త వెనకాల ఉరుకుతూ "గట్టిగ పట్టు పిల్లా, ఇడిస్తె మొక్కు చెల్లది" అని అరుపు. నేను గట్టిగానే పట్టాను. ఆర్నెల్ల కింద అయితే దాని వెనకాలే కింద పడిపోయేదాన్ని. కట్టివేసి వచ్చాక అత్త కొంగుతో నా ముఖం తుడిచింది. పెళ్లయి పన్నెండేళ్లలో అదే మొదలు.

ఇంటికొచ్చాక గోలీల డబ్బా ఆమే తీసి అటక మీద పెట్టింది. "మొక్కు చెల్లిచ్చినం. ఇంక గోలి మింగితె దేవుని మీద నమ్మకం లేనట్టే" అంది. నాకు కూడా నిజమే అనిపించింది. లేవగానే చాయ్ తాగుతున్నాను అక్కా. ఎంత బాగుంటుందో నీకేం తెలుసు, నిన్ను ఎవరూ ఆపలేదు.

ఉరుకుతూ రాశాను, తప్పులుంటే సర్దుకో.

రచన


కోరుట్ల,
2 జూలై

రచనా,

చదివి లేచి నిలబడ్డాను. ఒడిలోని తంబాకంతా కింద పోసుకున్నాను, బావ తిట్టినా నవ్వాను.

మల్లవ్వకు చెప్పాను. "నువ్వు కోడె మొక్కలేదు, గందుకే ఆరేండ్ల సంది మింగుతున్నవు" అన్నాను. ఆమె బీడీ చుట్టడం ఆపి "మీ చెల్లెను ఒకపారి డాక్టర్నడుగుమను" అంది. అసూయ. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే పని తొందరగా అవుతుందిలే అనుకున్నాను, కాలేదు. ఈ మధ్య నాకే చేతులు సాగడం లేదు.

ఇంకో ఇద్దరిని వేములవాడకు పంపిస్తున్నాను. ఒకామెది మోకాళ్ల నొప్పి. రాజన్నకు పని ఎక్కువవుతుంది.

సంతోషంగా ఉన్న
గంగామణి


సిరిసిల్ల,
20 అక్టోబర్

అక్కకు,

నీ రెండు ఉత్తరాలకు జవాబు రాయలేదు, ఏమీ అనుకోకు. చీరల ఆర్డరు వచ్చింది. సాంచాలు రాత్రింబవళ్లు ఆడాయి, నేను కండెలు చుట్టి చుట్టి పండుగ ఎట్లా వచ్చిందో ఎట్లా పోయిందో తెలియదు. ఆర్డరు మాత్రం మంచిది. వేణు సౌమ్యకు సైకిల్ కొన్నాడు, అది ఎర్రదే కావాలని ఏడ్చి మరీ మార్పించుకుంది. సంతోషంగా ఉన్నాం.

బతుకమ్మకు రెండు చుట్లు ఆడి కూర్చున్నాను. పనికి అలసట ఉండదా. అత్త "నాతో పోటీకి రా" అని ఎగతాళి చేసింది, ఆమే గెలిచింది. గాజులు చేతికి ఎక్కడం లేదు, కొన్నవి వాపసు ఇచ్చేశాను. మిట్టమధ్యాహ్నం కూడా చద్దరు కప్పుకోవాలనిపిస్తోంది. నెల రాక కూడా రెండు నెలలు దాటింది, అది కూడా ఈ పని ఒత్తిడే కావచ్చు. పొద్దున లేస్తే ఒళ్లు బరువు, ఏది తిన్నా అరగదు.

నిద్ర వస్తోంది, తర్వాత రాస్తాను.

రచన


కోరుట్ల,
26 అక్టోబర్

నా బంగారు చెల్లెకు,

రెండు నెలలు దాటిందా. ఇంత పెద్ద సంగతి సైకిల్ కింద, గాజుల కింద దాచి రాస్తావా. పదకొండేళ్ల తర్వాత. ఒళ్లు బరువు, నిద్ర, తిన్నది అరగదు, ఇంకా ఏం కావాలి చెప్పడానికి. నాకు రెండో కాన్పప్పుడు అచ్చం ఇట్లాగే.

నేను ఊరుకోలేను. గరిజలు, సకినాలు చేశాను. చేతులు మొద్దుబారి సకినాలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు, రుచి చూడు, ఆకారం చూడకు. పెద్ద సైజు గాజులు కొన్నాను. అన్నీ కట్టి బావతో పంపిస్తున్నాను, ఈ ఉత్తరం కంటే ఆయనే ముందు వస్తాడు. నువ్వు సిగ్గుపడి చెప్పవని ఆయననే చెప్పమన్నాను.

కండెల దగ్గర కూర్చోకు. దేవమ్మ అత్తకు నా దండాలు.

మళ్లీ పెద్దమ్మ కాబోతున్న
గంగామణి


సిరిసిల్ల,
14 నవంబర్

అక్కా,

నువ్వు చేసిన పని విను. బావ దీపావళి ముందురోజు వచ్చాడు. సాంచాలు ఆడుతున్నాయి. ఆయన అరిచి చెప్పాడు. వేణు వినలేక సాంచాలన్నీ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో బావ మళ్లీ "రచన నెల తప్పిందట గదా, శుభం" అన్నాడు. పక్కింటి గోడ మీద నుంచి కూడా తలలు లేచాయి. వేణు నన్ను చూశాడు, నేను వేణును చూశాను. అత్త ఎవరినీ చూడలేదు. గరిజల మూట విప్పి అప్పుడే వాడకట్టుకు పంచడానికి పోయింది. ఆపుదామని లేచేసరికి నాలుగిళ్లు దాటింది.

నేను గర్భవతిని కాదు. పరీక్ష చేయించుకున్నాను. పంచిన గరిజలు వెనక్కి రావు కదా. దీపావళివి అని చెప్పుకుంటున్నాం.

అదే రోగం అక్కా. మళ్లీ నలభై దాటింది. డాక్టరమ్మ "ఎవలు బంద్ చెయ్యమన్నరు" అని అడిగింది. దేవుడి పేరు చెప్పలేను, అత్త పేరు చెప్పలేను. నేనే ఆపాను అన్నాను. ఈసారి మాత్రం నేను కుర్చీలోంచి లేవలేదు. వెనకాల జనం గొణుగుతున్నా "నార్మల్ వచ్చిందన్నరు గదా" అని అడిగాను. ఆమె కలం కింద పెట్టింది. "గోలి మింగినవు గనుక నార్మల్ వచ్చింది. సాంచె మంచిగ నడుస్తున్నదని కరెంటు తీసేస్తవా" అంది. నాకిది ఎప్పటికీ ఉంటుందట. గోలి మింగినన్నాళ్లూ మామూలు మనిషిలా ఉండొచ్చట. ఈ మాట జూన్‌లోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. చెప్పడానికి ఆమెకు, అడగడానికి నాకు తోచలేదు.

గోలీలు తెచ్చుకున్నాను. కండెల గంపలో అడుగున దాచాను. ఇంట్లో చెప్పలేదు. మొక్కు చెల్లలేదని అత్త అనుకుంటే ఆమె బాధ చూడలేను. ఇప్పటికే నా ముఖం చూసి "ఆ దినం కోడె నడువక గునిసింది, మీ అక్క గూడ రాలేదు, ఏదో తప్పు జరిగింది" అంటోంది. నీ మీదికి కూడా వచ్చింది, చూసుకో. గోలి మింగడం కూడా సరిగ్గా లేదు. తెల్లారి కళ్లు తెరిచేసరికి అత్త చాయ్ గిలాసతో ఎదురుగా ఉంటుంది. ఆ కోడె కట్టినప్పటి నుంచి ప్రేమ ఎక్కువైంది, నేను తాగేదాకా కదలదు. చాయ్ మీద మింగితే గోలి సరిగ్గా ఒంటికి పట్టదట.

ఇంకొకటి. నీ ఉత్తరాలు డాక్టరమ్మకు చూపించలేదు కానీ సంగతి చెప్పాను. వేళ్ల తిమ్మిరి, మొద్దుబారడం, పని సాగకపోవడం. అక్కాచెల్లెళ్లకు ఇద్దరికీ ఉండొచ్చట. నువ్వు రక్తం ఇవ్వు.

రచన


కోరుట్ల,
1 డిసెంబర్

రచనా,

నువ్వు గర్భవతివి కాదని బావతో చెప్పాను. ఆయన వారం రోజులు దుకాణంలో కత్తెర గట్టిగా కొట్టాడు.

బీడీలు చేసేవాళ్లకు వేళ్లు తిమ్మిరెక్కకపోతే ఎవరికి ఎక్కుతాయి. తంబాకు దుమ్ముకు గొంతు, కూర్చున్న పనికి ఒళ్లు. అన్నిటికీ నా దగ్గర లెక్క ఉంది. నువ్వు గంపలో దాచి, చాయ్ మీద మింగే గోలి కోసం నన్ను రక్తం ఇమ్మంటున్నావు. నేను దాచేదాన్ని కాదు, మింగితే అందరి ముందరే మింగుతాను. అందుకని ఒక మాట. దేవమ్మ అత్త కళ్ల ముందర నువ్వు గోలి వేసుకున్నట్టు ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పట్టుకొని నేను జగిత్యాల పోతాను. కోరుట్లలో ఇస్తే రిపోర్టు కంటే ముందు వాడకట్టుకు తెలుస్తుంది.

అప్పటిదాకా నా వేళ్ల ఊసు ఎత్తకు.

గంగామణి


సిరిసిల్ల,
12 జనవరి 2025

అక్కా,

జగిత్యాల బస్సు చూసుకో.

చాలా రోజులు నోరు రాలేదు. నీ మాట మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది. నా కోసం అయితే దాచుకుంటూనే పోయేదాన్నేమో. చివరికి మొన్న శుక్రవారం అత్త చాయ్ తెచ్చింది. నేను గంపలో చెయ్యి పెట్టి డబ్బా తీశాను.

"అత్తా, నేను గోలి మింగుతున్న. మళ్ల."

"ఎప్పటి సంది?"

"దీపావళి సంది."

ఆమె కింద కూర్చుంది. "మొక్కు చెల్లిచ్చినంక గోలి మింగితె రాజన్న ఏమనుకుంటడే?"

"నువ్వు బీపీ గోలి రోజు మింగుతలేవా? దానికేమనుకుంటలేడా?"

"బీపీకి నేను మొక్కలేదు గదా."

సాంచె వెనకాల వేణు నవ్వాడు. అత్త ఒక కండె విసిరింది, అది ఆయనకు తగలకుండా గోడకు తగిలింది. ఆలోచిస్తే ఆమె మాటలో తప్పేం కనపడలేదు.

డాక్టరమ్మ చెప్పిన కరెంటు మాట చెప్పాను. రోగం పోలేదు, గోలికి లొంగి ఉంది, గోలి ఆపగానే లేచింది అన్నాను. అత్త గిలాస అక్కడే పెట్టి లేచిపోయింది. చాయ్ చల్లారింది. పొద్దంతా నా వైపు రాకుండా పని చేసుకుంటూనే ఉంది. నేను వేములవాడ మాట ఇక ఈ ఇంట్లో ఎత్తలేం అనుకున్నాను.

దీపం పెట్టే వేళకు నా దగ్గరికొచ్చింది. "నేనే తప్పు మొక్కిన" అంది. "రోగం పోవాలె అన్న. పోయింది. మళ్ల రావద్దు అనలేదు. నేను అడగంది ఆయనెట్ల ఇస్తడు."

"ఇప్పుడెట్ల మరి అత్తా?"

"ఈసారి రోగం ఊసు తియ్య. నీ గోలి ఒక్కనాడు తప్పద్దు అని మొక్కుత. ఏడాది తప్పకుంటె ఒక కోడె. మళ్లేడు తప్పకుంటె ఇంకో కోడె."

"ఎన్నేండ్లు?"

"నేనున్నన్ని ఏండ్లు నేను కట్టిస్త. తర్వాత నువ్వు చూసుకో."

అంతటితో అయిపోయిందనుకోకు. మరునాడు నన్ను తీసుకొని దవాఖానాకు పోయింది. తన బీపీ చూపించుకోలేదు. డాక్టరమ్మ ముందు కూర్చొని "మేడం, నాది మొక్కు ముచ్చట, సగం సగం చెప్పకు. మళ్ల నార్మలొస్తె మింగాల్నా వద్దా? ఒక దినం మరిస్తె ఏం చెయ్యాలె? సున్నం గోలి దీంతోని మింగొచ్చా?" అని అడిగింది. వెనక జనం "అవ్వా, జర తొందరగ" అంటే "మీరు గూడ ఇనుండ్రి, మీ ఇండ్లల్ల గూడ ఉంటది" అంది. డాక్టరమ్మ నవ్వుతూనే అన్నీ చెప్పింది. కాల్షియం గోలీకి, దీనికి నడుమ నాలుగు గంటలు ఉండాలట. నేను ఏడాది నుంచి అడగనివన్నీ ఆమె ఒక్కసారి కూర్చొని అడిగేసింది.

ఇప్పుడు పొద్దున్నే చాయ్ బదులు నీళ్ల చెంబు, గోలి పట్టుకొని నిలబడుతుంది. మింగాక నాలుక చూపించమంటుంది. గంట గడిచేదాకా ఇంట్లో ఎవరికీ చాయ్ లేదు. ఒక్కరు తాగితే వాసనకు నా మనసు లాగుతుందట. వేణు రెండు రోజుల నుంచి హోటల్‌కు పోతున్నాడు.

వచ్చే నెల మళ్లీ రక్తం ఇస్తాను. నువ్వు పెట్టిన షరతు తీర్చాను. ఇప్పుడు నీ వంతు.

నీ చెల్లెలు,
రచన


కోరుట్ల,
23 ఫిబ్రవరి

రచనా,

పద్దెనిమిది. నీ అరవై ముందర ఏమీ కాదు కానీ నాది నాకు ఎక్కువే.

జగిత్యాలకు ఒక్కదాన్నే పోలేదు. మల్లవ్వ ఇంటి ముందర నిలబడి "నువ్వు చెప్పింది నిజమే, నాతో వస్తవా" అన్నాను. చెప్పులు వేసుకుంటూనే "వస్త గని, దారిల కోడె ముచ్చట చెప్పకు" అంది. బస్సులో కిటికీ సీటు కూడా ఆమే తీసుకుంది. అక్కడ డాక్టర్ నా మణికట్టు వంచి చూశాడు. వేళ్లు తిమ్మిరి ఎన్నాళ్ల నుంచి అన్నాడు. బీడీల వల్లే అని నేను చెప్పబోతుంటే మల్లవ్వ "ఆమెనడగకుండ్రి సార్, ఆమెకు అన్నిటికీ బీడీలే" అని ముందుకొచ్చింది. పనివల్ల కూడా ఉండొచ్చు, దీనివల్ల కూడా ఉండొచ్చు, గోలితో ఎంత తగ్గుతుందో చూద్దాం అన్నాడు. ఎప్పటికీ మింగాలా అని నేనే అడిగాను. మొదటి రోజే అడిగాను చూడు.

వేణు ఫోన్‌లో చెప్పాడు, నీది ఏడుకు దిగిందట. ఇంకొంచెం దిగి నార్మల్ అని రాసినా ఆ కాగితం దేవమ్మ అత్తకు చూపించి వేములవాడ బస్సు ఎక్కకండి. ఏడాది కాలేదు. ఈసారి కోడె కట్టేనాడు నేను కూడా వస్తాను, తప్పు నా మీద పడకుండా.

నా గోలి మూడో రోజు ఇది. మింగి కూర్చున్నాను, చాయ్‌కి ఇంకా టైం ఉంది, ఏం చేయాలో తోచక రాస్తున్నాను. బావ లేచి చాయ్ అడిగాడు. నాకు ఇంకా టైం కాలేదు, నువ్వు పెట్టుకో అన్నాను. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది, ఆయన పొయ్యి దగ్గర నిలబడడం ఇదే చూడడం. నీళ్లు ఎన్ని పోయాలని అడిగాడు, చెప్పాను. పాలు పొంగించాడు, తుడిచాడు. ఇప్పుడు చక్కెర డబ్బా ఎక్కడుందని గిన్నెలన్నీ కిందికి దించుతున్నాడు.

అది ఆయన మోచేయి పక్కనే ఉంది. నేను చెప్పడం లేదు.

గంగామణి